బరంపురంలో పాత ఇల్లు కొంటున్నాం, సెప్టిక్ ట్యాంక్ ఎలా చూపించుకోవాలి?

సముద్రపుగాలి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది బరంపురం, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. పదకొండేళ్లు అద్దె ఇళ్లలో ఉన్నాక ఇప్పుడు ఓ పాతికేళ్ల నాటి డాబా ఇల్లు కొందామని బేరం కుదుర్చుకున్నాం, బయానా మాత్రం ఇంకా ఇవ్వలేదు. కాగితాలు లాయరు గారు చూశారు, గోడలూ స్లాబూ మా మేనమామ చూశారు, కరెంటు వైరింగు కూడా చూపించాం. ఒక్క సెప్టిక్ ట్యాంక్ సంగతే ఎవరూ పట్టించుకోలేదు. నేను అడిగితే ఇంటాయన "పాతికేళ్లలో ఒక్కసారి కూడా నిండలేదు, ఒక్కసారి కూడా మడ్డి లాగే బండిని పిలవలేదు, అంత మంచి ట్యాంకు" అన్నారు. మా ఆవిడ అది విని సంతోషించింది గానీ నాకు అక్కడినుంచే టెన్షన్ మొదలైంది. ఏ ట్యాంకైనా పాతికేళ్లు నిండకుండా ఉంటుందా?

ఇంకో సంగతి, పెరట్లో బావి ఉంది. తాగడానికి కుళాయి నీళ్లున్నా, స్నానాలకీ గిన్నెలకీ బావి నీళ్లే వాడాలి. ట్యాంకు పోర్టికోలో టైల్స్ కింద ఉందట, ఇంకుడు గుంత దాని వెనకాలే ఎక్కడో ఉందట, ఎక్కడో ఆయనకీ గుర్తులేదు. నేను అడుగులేసి చూస్తే ట్యాంకు ఉందన్న చోటికీ బావికీ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. మేం ఆరుగురం. మా ఊరి అమ్మవారి ఠాకురాణి జాత్ర వచ్చిన ఏడాదైతే ఇచ్ఛాపురం నుంచీ సోంపేట నుంచీ చుట్టాలు దిగుతారు, నెల్లాళ్లూ ఇంట్లో పదిహేను మందికి తగ్గరు.

టైల్స్ తీయించి చూపించమని అమ్మేవాళ్లని అడగడం పద్ధతేనా? ఎవరిని పిలవాలి, వాళ్లు ఏం చూడాలి, నేను పక్కన నిలబడి ఏం గమనించాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

రాయగడ_ఓవర్సీరు

బాబూ, తప్పకుండా అడుగు. టైల్స్ రెండు తీస్తే మళ్లీ వేసుకోవచ్చు, ఇల్లు కొన్నాక ఆ ట్యాంకు నీ నెత్తిమీదే ఉంటుంది. నేను ముప్పై ఏళ్లు ఇళ్ల పనులు చేయించాను, చివరి పదేళ్లూ రాయగడ, గుణుపురం వైపే. కొనేవాళ్లలో నూటికి తొంభై మంది ఈ మూత తీయించరు, తీయించి ఉంటే కొందరు ఆ ఇల్లు కొని ఉండేవారు కాదు.

ముందు అది ఎలా పనిచేస్తుందో తెలుసుకో, అప్పుడు ఏం చూడాలో నీకే తెలుస్తుంది. సెప్టిక్ ట్యాంక్ అంటే నీరు కారని పెట్టె. నాలుగు గోడలకీ అడుగుకీ లోపల సిమెంటు ప్లాస్టరింగు ఉండాలి. లోపలికొచ్చిన నీళ్లు ఒక రోజు నుంచి రెండు రోజులు కదలకుండా నిలబడాలి. అప్పుడు బరువైనది కిందికి దిగి మడ్డి అవుతుంది, జిడ్డూ తేలిక సరుకూ పైకొచ్చి తెట్టు కడుతుంది, మధ్యలో కాస్త తేటైన నీళ్లు మిగులుతాయి. గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు మడ్డిలో కొంత భాగాన్ని తినేస్తాయి, మిగతాది మాత్రం ఎక్కడికీ పోదు, ఏటేటా పేరుకుంటుంది. అందుకే రెండు మూడేళ్లకోసారి లాగించాలి అంటారు. ఇక ఆ మధ్యలో ఉన్న తేట నీళ్లే అవతలి పైపు గుండా ఇంకుడు గుంతకి పోతాయి. తేట అన్నాను కదా అని మంచి నీళ్లు అనుకోకు, రోగాలు తెచ్చే క్రిములన్నీ అందులో అలాగే ఉంటాయి. వాటిని వడకట్టి చంపే పని మట్టిది. ట్యాంకు సగం పని చేస్తుంది, మిగతా సగం నేల చేస్తుంది, ఈ మాట మన మేస్త్రీల్లో చాలామందికి తెలియదు.

ఇప్పుడు మీ ఇంటాయన మాటకొద్దాం. పాతికేళ్లు నిండలేదంటే రెండే కారణాలు. అడుగున సిమెంటు వేయకుండా వట్టి గుంత కట్టి ఉండాలి, లేదా లోపలిదంతా దొంగతనంగా రోడ్డు కాలవలోకి పోతూ ఉండాలి. రెంటిలో ఏదైనా నీకు నష్టమే, మొదటిదైతే నీ బావికి నష్టం, రెండోదైతే వీధి మొత్తానికి.

కొలతల సంగతి. మనకి ఐ.ఎస్. 2470 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఐదుగురికి లోపలి కొలత 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటరు వెడల్పు, నీటి లోతు మీటరు ఉండాలి. పది మందికైతే 2 మీటర్లు, 0.9 మీటరు, లోతు ఏటా లాగిస్తే మీటరు, రెండేళ్లకోసారైతే 1.4. మీరు ఆరుగురు, జాత్రకి పదిహేను మంది, కాబట్టి పది మంది లెక్క ట్యాంకు లేకపోతే ఆ నెలలో నీళ్లు నిలిచే సమయం తగ్గిపోయి మడ్డి నీళ్లే ఇంకుడు గుంతలోకి దూకుతాయి. ఒకసారి మడ్డి వెళ్లిందంటే గుంత చుట్టూ మట్టి రంధ్రాలు పూడుకుపోతాయి, మళ్లీ తెరుచుకోవు. బావికి దూరం కూడా అందులోనే ఉంది, ఇంకుడు గుంతకీ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దగ్గర దగ్గర అరవై అడుగులు. నువ్వు ట్యాంకే ఇరవైలోపు ఉందంటున్నావు.

మూత తీసిన రోజు ఇవి చూడు. తీసి చాలాసేపు గాలి ఆడనివ్వండి, దగ్గర్లో అగ్గిపుల్ల, బీడీ వద్దు, మొహం లోపలికి పెట్టవద్దు. నీటి మట్టం ఎక్కడుందో చూడు. బయటికి పోయే పైపు అడుగు అంచుకి సరిగ్గా సమానంగా ఉంటే మంచి లక్షణం. అంతకన్నా కిందకుంటే ట్యాంకు కారుతోంది. పైకుంటే ఇంకుడు గుంత నిండిపోయింది, లేదా పైపు పూడుకుంది. తరవాత లోపలికొచ్చే పైపుకీ బయటికెళ్లే పైపుకీ టీ (T ఆకారపు పైపు ముక్క) బిగించి ఉందా లేదా చూడు. ఆ టీ కిందికి నీళ్లలో మునిగి ఉంటే తెట్టు బయటికి పోదు, అది విరిగిపోయి వట్టి పైపు ఉన్న ఇళ్లు నేను లెక్కలేనన్ని చూశాను. పెద్ద ట్యాంకైతే మధ్యలో అడ్డగోడ ఉండాలి, లోపలికొచ్చే వైపునుంచి మూడింట రెండు వంతుల దూరంలో.

మడ్డి ఎంతుందో చూడ్డానికి పొడుగాటి వెదురు కర్రకి పాత తెల్ల పంచె చుట్టి దారంతో కట్టి, నెమ్మదిగా అడుగు తగిలేదాకా దింపి, ఐదు నిమిషాలుంచి పైకి తీయి. మడ్డి ఉన్నంత మేరా గుడ్డ నల్లగా పట్టి ఉంటుంది, పైన నీళ్లున్న చోట వట్టి తడి. నల్లదీ తెట్టూ కలిసి లోతులో మూడో వంతు దాటితే బండిని పిలవాల్సిందే. బండి లాగాక ఇంకుడు గుంత వైపునుంచి నీళ్లు వెనక్కి ట్యాంకులోకి కారుతున్నాయా చూడు, కారితే ఆ గుంత పని అయిపోయినట్టే. ఇది మిగతావన్నిటికన్నా గట్టి పరీక్ష, ఎవరూ చేయరు.

గ్యాస్ పైపు కూడా చూడు, ట్యాంకు ఇంటికి దగ్గరగా ఉంటే డాబా మీద రెండు మీటర్ల ఎత్తు వరకూ పోవాలి, మూతికి జల్లెడ ఉండాలి. జల్లెడ లేకపోతే ఊళ్లో దోమలన్నీ అందులోనే పుడతాయి.

కిమిడి_అక్క

తమ్ముడూ, బాబాయ్ గారు చెప్పిన అడుగులేని గుంత మాకు అనుభవం. మాది పర్లాకిమిడి, 2016లో కట్టిన ఇల్లు కొన్నాం. కట్టించినాయన ట్యాంకు చక్కగా ఉందన్నారు, మేం నమ్మాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా వచ్చింది కదా, ఆ వానకి మహేంద్రతనయ నది పొంగి, భూమిలో నీరు పైకొచ్చేసింది. నీరు పైకొస్తే అడుగులేని ట్యాంకులోకి కిందినుంచి ఎక్కుతుందని మాకేం తెలుసు? తెల్లారేసరికి బాత్‌రూమ్ నేలలో జాలీ నుంచి నల్ల నీళ్లు బుడబుడమని వస్తున్నాయి, కరెంటు లేదు, బయట చెట్లు పడి దారి లేదు, ఇంట్లో చంటిపిల్ల. మూడు రోజులు పక్కింటివాళ్ల ఇంటికే వెళ్లాం.

నీళ్లు దిగాక బావి మామూలుగానే కనబడింది, వాసన లేదు, రంగు లేదు. నెల తరవాత పాపకి విరేచనాలు ఆగలేదు, డాక్టరు గారు నీళ్లు ఎక్కడివని అడిగితే గానీ మాకు బావి గుర్తు రాలేదు. పరీక్ష చేయిస్తే ఈ-కోలి, అంటే మలంలో ఉండే క్రిమి, ఉందన్నారు. తాగే నీటిలో నూరు మిల్లీలీటర్లకి ఒక్కటి కూడా ఉండకూడదు. నైట్రేటు కూడా లీటరుకి 45 మిల్లీగ్రాముల హద్దు దాటింది. నువ్వు ఇప్పుడే, బయానాకి ముందే, ఆ బావి నీళ్లు పరీక్ష చేయించు. ల్యాబు వాళ్లిచ్చే సీసాలోనే పట్టు, ఇంట్లో మందు సీసా కడిగి పట్టకు, ఆలస్యం చేయకుండా చేర్చు. కాచిన నీళ్లలో క్రిములు చస్తాయి గానీ నైట్రేటు పోదు, అదొకటి గుర్తుంచుకో, చంటిపిల్లలకి అదే ఎక్కువ చేటు.

కట్టించినాయన్ని అడిగితే "ఈ ఊళ్లో అందరిదీ ఇలాగే ఉంటుందమ్మా" అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ నా కడుపు మండుతుంది. అందరిదీ ఇలాగే ఉంటే అందరి బావులూ ఇలాగే ఉంటాయి కదా! చివరికి పాత గుంత పూడ్చి, ఇంటి ముందువైపు కొత్తది కట్టించుకున్నాం. దాన్ని వాడకముందు మంచినీళ్లతో నింపి రాత్రంతా వదిలేశాం, మట్టం దిగుతుందేమో చూడ్డానికి. గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, తెల్లారగానే నేనే వెళ్లి చూశాను. గీత దగ్గరే ఉన్నాయి నీళ్లు. ఆ పూట నాకు కలిగిన నిశ్చింత ఇప్పటికీ మరిచిపోలేను.

సముద్రపుగాలి

బాబాయ్ గారికీ అక్కకీ చాలా థాంక్స్. అక్కా, మీ పాప ఇప్పుడు బావుందనుకుంటాను. ఇంటాయనతో ఈరోజు మాట్లాడాను, టైల్స్ తీయడానికి మొత్తానికి ఒప్పుకున్నారు. కానీ ఆయన "బండీ గిండీ ఎందుకు, నాకు తెలిసిన మనిషి ఉన్నాడు, బకెట్లతో తోడేసి లోపలికి దిగి అడుగుందో లేదో చూసి చెప్పేస్తాడు, రెండు గంటల పని" అంటున్నారు. సరేననమంటారా?

జయపురం_బండి

వద్దన్నా. దయచేసి వద్దు. నేను కొరాపుట్ జిల్లా జయపురంలో సెస్‌పూల్ బండి, అంటే సెప్టిక్ ట్యాంకులు లాగే బండి మీద పని చేస్తాను, తొమ్మిదేళ్లయింది. ఏ కారణానికైనా సరే, ఐదు నిమిషాలకైనా సరే, మనిషిని లోపలికి దింపకండి. పైనుంచి చూస్తే ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది, మడ్డి కదిపినప్పుడు దానిలో పట్టి ఉన్న గ్యాసు ఒక్కసారి పైకి లేస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్, అది గాలికన్నా బరువు, కిందే కూర్చుంటుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలియదు, దిగినవాడు గ్యాసు పోయిందనుకుంటాడు. మీథేను కూడా ఉంటుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఒకడు పడిపోతాడు, వాణ్ణి తీద్దామని రెండోవాడు దిగుతాడు, మూడోవాడు దిగుతాడు. పేపర్లో చూస్తూనే ఉంటాం కదా, చనిపోయినవాళ్లు అన్నదమ్ములో తండ్రీకొడుకులో అయి ఉంటారు. మనవాళ్లే, పేదవాళ్లే.

చట్టం కూడా ఒప్పదు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపి పని చేయిస్తే మొదటిసారికే రెండేళ్ల వరకూ జైలు, రెండు లక్షల వరకూ జరిమానా, లేదా రెండూ. పని చెప్పినవాళ్ల మీదే కేసు, బండి వాడి మీద తోసేయడానికి లేదు. చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. డబ్బు ఇస్తే మనిషి తిరిగొస్తాడా? అందుకే ముందే ఆపండి, ఇంటాయనకి మీరే గట్టిగా చెప్పండి.

14420కి ఫోన్ చేయండి, లేకపోతే కార్పొరేషన్ ఆఫీసులో అడగండి, బండి పంపుతారు. రసీదు తీసుకోండి. ప్రైవేటు బండి అయితే లైసెన్సు ఉందా, సరుకు ఎక్కడ పోస్తారు అని అడగండి. మన ఒడిశా ఊళ్లలో ఆ మడ్డిని శుద్ధి చేసే ప్లాంట్లు కట్టారు, అక్కడికే తీసుకెళ్లాలి, రాత్రిపూట వాగులోనో పొలం గట్టునో వదిలేవాళ్లని పిలవకండి.

అడుగుందో లేదో చూడ్డానికి దిగక్కర్లేదు. లాగేటప్పుడు మా గొట్టమే చెప్పేస్తుంది. అడుగు లేకపోతే చివర్లో ఇసకా గులకరాళ్లూ లాగుతుంది, గొట్టంలో గరగరమని చప్పుడు వస్తుంది, పట్టుకున్న చేతికి తెలుస్తుంది. అడుగు ఉంటే గొట్టం మూతి సిమెంటుకి టక్కున అతుక్కుంటుంది. లాగేశాక, ఎండ బాగా ఉన్న టైములో, గోడకి పెట్టుకునే అద్దం ఒకటి తెచ్చి దూరంగా నిలబడి ఎండని మూతలోంచి లోపలికి కొట్టించండి. బావుల్లో చేద పడిపోతే పెద్దవాళ్లు అలాగే కదా వెతికేవారు. గోడలూ, పైపులూ, పగుళ్లూ అన్నీ పగటిలా కనబడతాయి. మేం అలాగే చూస్తాం.

అంతా ఊడ్చి లాగించకండి, అడుగున కాస్త మడ్డి వదిలేయించండి, అందులో ఉన్న క్రిములే మళ్లీ పని మొదలెడతాయి. పెద్ద వానల్లో మాత్రం ఖాళీ చేయించవద్దు, ముఖ్యంగా ప్లాస్టిక్ ట్యాంకులైతే నేలలో నీరు పైకి తోసేస్తుంది.

రేగడినేల

మాది ఒడిశా కాదు, మహారాష్ట్రలో దెగ్లూరు దగ్గర, తెలంగాణ బార్డరు. మా దగ్గర నల్లరేగడి. ఒక్క మాట చెప్దామని రాస్తున్నా, ఇంకుడు గుంత అన్ని నేలల్లో పనిచేయదు. రేగడి వానాకాలంలో ఉబ్బి నీటిని పట్టి ఉంచుతుంది, చుక్క ఇంకదు. మా అన్న పెద్ద గుంత తవ్వి కంకర నింపించాడు, ఆషాఢం వచ్చేసరికి అది చెరువైంది. గుంత తవ్వించే ముందు చేయాల్సింది ఏంటంటే ఒక అడుగు వెడల్పు చిన్న గొయ్యి తీసి, నీళ్లు పోసి నానబెట్టి, మర్నాడు మళ్లీ పోసి ఎంత సేపట్లో అంగుళం దిగిందో గడియారం పెట్టి చూడాలి. దిగకపోతే ఆ నేలలో గుంత మీద డబ్బు పోయొద్దు, నేల పైన మట్టి దిబ్బ వేసి అందులో ఇంకించే పద్ధతి ఉంది, ఇంజనీరుని అడగండి. బరంపురం మట్టి నాకు తెలియదు, మీరే చూసుకోండి.

ఇంకొకటి, ట్యాంకులోకి యాసిడ్ ఎక్కువ పోయకండి. మా వదిన వారం వారం సీసా పోసేది, లోపల పని చేసేవన్నీ చచ్చి వాసన ఇల్లంతా పట్టింది. కొత్త ట్యాంకైతే వాడకముందు నీళ్లతో నింపి, బాగా మాగిన పేడ కొంచెం వేస్తే చాలు, డబ్బాల్లో అమ్మే పొడి అక్కర్లేదు.

సముద్రపుగాలి

నిన్న అంతా అయింది, ఆలస్యంగా రాస్తున్నాను. మనిషిని దింపనని ఖచ్చితంగా చెప్పాను, 14420కి ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున బండి వచ్చింది. టైల్స్ నాలుగు తీశారు, మూత కింద సిమెంటు పెట్టి మూసేశారు, దాన్ని పగలగొట్టేసరికే గంట పట్టింది. మూత లేపగానే బొద్దింకలు గోడ పట్టి పైకి పాకాయి, మా మేనమామ అందర్నీ వెనక్కి పంపేసి అరగంట ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

నీటి మట్టం బయటికెళ్లే పైపుకన్నా జానెడు కిందకి ఉంది. కర్రకి పంచె చుట్టి దింపితే నా మోకాలెత్తు నల్లగా వచ్చింది. లాగేటప్పుడు జయపురం అన్న చెప్పిన గరగర నాకు బాగా వినబడింది, గొట్టం పట్టుకున్న అబ్బాయి నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అద్దంతో చూశాం. నాలుగు గోడలకీ సిమెంటు ఉంది, అడుగున మాత్రం ఇసక. పైగా ఇంకుడు గుంత అనేదే లేదు. బయటికెళ్లే పైపు తిన్నగా గోడ కిందనుంచి వెనక సందు కాలవలోకి పోతోంది. వానాకాలంలో మట్టం పెరిగినప్పుడు అందులోంచి బయటికి, మిగతా కాలమంతా కిందకి.

బావి నీళ్ల పరీక్ష కాగితం ఇంకా రాలేదు. ఇంటాయన మొదట ఒప్పుకోలేదు, తరవాత అద్దం పట్టుకుని ఆయనే చూసి చాలాసేపు మాట్లాడలేదు. తన మనవళ్లు సెలవులకొచ్చి ఆ బావి దగ్గరే స్నానాలు చేస్తారట. కొత్త ట్యాంకు పది మంది లెక్కకి, ఇంటి ముందు గేటు పక్కన కట్టించడానికి అయ్యే ఖర్చు ధరలో తగ్గిస్తామన్నారు. టేపు పట్టి చూస్తే గేటు మూల నుంచి బావికి యాభై ఆరు అడుగులు వచ్చింది, అరవై రావడం లేదు. బాబాయ్ గారూ, ట్యాంకు అక్కడే ఉంచి ఇంకుడు గుంతని గేటు అవతల మూలకి జరిపితే అరవై రెండు వస్తోంది, పైపు వాలు సరిపోతుందా? ట్యాంకు నుంచి గుంతకి పద్దెనిమిది అడుగుల పైపు అవుతుంది. బయానా మీ జవాబు చూశాకే ఇస్తాను.

రాయగడ_ఓవర్సీరు

సరిపోతుంది బాబూ. పద్దెనిమిది అడుగులకి రెండున్నర అంగుళాల వాలు ఇవ్వు, నాలుగంగుళాల పైపు వేయించు, మధ్యలో మూత ఉన్న చిన్న చాంబరు ఒకటి పెట్టించు, పూడుకుంటే అక్కడే తీసి చూడొచ్చు. గుంత తవ్వే ముందు ఆ దెగ్లూరు ఆయన చెప్పిన గొయ్యి పరీక్ష చేయించు, వానాకాలంలో అక్కడ నీరు ఎంత లోతులో ఉంటుందో పక్కింటివాళ్లని అడుగు, గుంత అడుగుకీ ఆ నీటికీ మధ్య రెండు మీటర్ల మట్టి ఉండాలి. ట్యాంకు మూతల మీద టైల్స్ వేయనివ్వకు. వెనక సందులోకి పోయే ఆ పాత పైపుని కొత్తది మొదలైన రోజే నీ కళ్లముందు సిమెంటుతో మూయించు.